మేడ నడుమ శేషుడు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కోకాపేట దగ్గరికి వచ్చేసరికి కట్టుబడిలో ఉన్న మేడలు వరసగా ఎదురవుతాయి. స్లాబులు ఇంకా ఇరవయ్యో అంతస్తు దగ్గరే ఉంటాయి గానీ, నడిమధ్య నుంచి కిటికీ అనేదే లేని కాంక్రీటు పెట్టె ఒకటి మరో నాలుగైదు అంతస్తుల ఎత్తు ముందే లేచి నిలబడి ఉంటుంది. పక్కనే క్రేను. ఆ పెట్టెను పనివాళ్ళు 'లిఫ్ట్ కోర్' అంటారు, ఇంజనీర్లు 'సర్వీస్ కోర్' అంటారు. ముందు అది లేస్తుంది. తర్వాత దాన్ని పట్టుకుని అంతస్తులు ఒక్కొక్కటే ఎక్కి వస్తాయి. రెండు మూడేళ్ళు పోయాక అదే దారిన వెళ్తే అద్దాలు, బాల్కనీలు, రాత్రిపూట దీపాల వరసలు కనబడతాయి. కోర్ మాత్రం ఎక్కడుందో తెలియదు.

దాని కడుపులో ఉండేవి ఇవి: లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లు, కరెంటు కేబుళ్ళు, మంచినీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, ఏసీ డక్టులు, మంటలార్పే నీళ్ళ రైజర్లు, మెట్లదారిలోకి పొగ చొరబడకుండా గాలిని నెట్టే ఫ్యాన్లు. ఒక ఊరికి బాట, చెరువు, కాలువ, కరెంటు స్తంభం చేసే పనులన్నిటినీ తీసుకొచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలువుగా నిలబెడితే అదే కోర్. పనులు అంతటితో అయిపోవు. ఆ పెట్టె గోడలే మేడకు వెన్నుపూస కూడా. ఎత్తు పెరిగేకొద్దీ కట్టడానికి అసలు శత్రువు బరువు కాదు, గాలి. పక్కనుంచి నెట్టే గాలికీ భూమి కంపానికీ మేడ వంగకుండా, మెలితిరగకుండా కాసేవి షీర్ వాల్స్ అనే ఈ గోడలే. బోలుగా ఉన్న వెదురు గాలివానకు ఎందుకు నిలుస్తుందో, నాలుగు వైపులా మూసుకున్న ఈ కాంక్రీటు పెట్టె కూడా అందుకే నిలుస్తుంది.

మోసేది అదే. సేవ చేసేదీ అదే. లోకంలో ఈ రెండు పనులకూ ఒకే గౌరవం లేదు. మోసేవాణ్ణి ఆధారం అంటారు, దిక్కు అంటారు. సేవ చేసేవాణ్ణి వెనక తలుపు నుంచి రమ్మంటారు. మేడ నడుమ ఈ రెండు పనులూ ఒక్కదాని మీదే పడ్డాయి. మరి దాన్ని ఏమని పిలవాలి, ఏ స్థానంలో ఉంచాలి? చూడ్డానికి కట్టడాల విద్యకు సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. తెలుగు నేల మీద, తమిళ నేల మీద దాదాపు వెయ్యేళ్ళ కిందటే దీన్ని మరో రూపంలో అడిగి, గట్టిగా వాదించుకున్నవాళ్ళున్నారు.

స్థిరాస్తి లెక్కల్లో కోర్‌కు ఉన్న పేరు నష్టం. ఎత్తైన ఆఫీసు మేడలో ఒక్కో అంతస్తు వైశాల్యంలో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు దాని కిందికే పోతుంది. అద్దె వచ్చే చోటు ఎంత, రాని చోటు ఎంత అన్న నిష్పత్తి మీదే పెట్టుబడి నడుస్తుంది. కాబట్టి కోర్‌ను ఎంత బిగిస్తే అంత లాభం. ఫ్లాటు కొనేవాడికి సూపర్ బిల్టప్ ఏరియా అని చెప్పే అంకెలో, ఇంట్లోకి రాకుండా బయటే మిగిలిపోయే భాగంలో లిఫ్టూ మెట్లూ కూడా ఉంటాయి. అందరూ డబ్బు కట్టి, ఎవరూ తమదనుకోని చోటు. అన్నీ పంచుకోగా చివరికి మిగిలిందాన్ని సంస్కృతంలో శేషం అంటారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అసలు కథ అక్కడే ఉంది.

దానికి ముందు ఒక అమెరికన్ వాస్తుశిల్పిని తలుచుకోవాలి. లూయీ కాన్ 1957లో ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి రిచర్డ్స్ వైద్య పరిశోధనశాల రూపకల్పన మొదలుపెట్టాడు. ప్రయోగశాల అంటే విషవాయువులు బయటికి పోవాలి, మంచిగాలి లోపలికి రావాలి, గొట్టాలు ఎటు చూస్తే అటు ఉంటాయి. ఆ గొట్టాలన్నా డక్టులన్నా తనకు ఏవగింపని కాన్ దాచుకోకుండా చెప్పాడు. ఏవగింపు ఉన్నవాడు మామూలుగా ఫాల్స్ సీలింగ్ వేసి దాచేస్తాడు. ఆయన అలా చేయలేదు. వాటికంటూ చోటు ఇవ్వకపోతే అవి మొత్తం గదినే ఆక్రమిస్తాయని గ్రహించి, మెట్లకూ గాలి గొట్టాలకూ విడిగా ఇటుక గోపురాలు కట్టాడు. కట్టడంలోని చోట్లను రెండుగా విభజించాడు: సేవ పొందే చోట్లు, సేవ చేసే చోట్లు. 1960లో మొదటి భాగం పూర్తయ్యాక చూసినవాళ్ళ కళ్ళు ప్రయోగశాలల మీద నిలవలేదు, పైకి లేచిన ఆ ఇటుక గోపురాల మీదే నిలిచాయి. లోపల పనిచేసే శాస్త్రవేత్తలు ఎండ గురించీ ఇరుకు గురించీ ఫిర్యాదు చేశారు. అది నిజమైన లోపమే. అయినా సేవ చేసే చోటుకు ముఖం ఉండవచ్చని, అదే కట్టడానికి అందం కావచ్చని ఆ గోపురాలు చెప్పినంత సూటిగా అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఐదేళ్ళకు, కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో, ప్రయోగశాల అంతస్తుల నడుమ గొట్టాల కోసం మనిషి నిలబడి పనిచేసేటంత ఎత్తున్న అంతస్తులే కట్టాడు. అహ్మదాబాద్‌లో ఐఐఎం కట్టిందీ ఈయనే. 1974 మార్చిలో ఇండియా నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో కన్నుమూశాడు.

కాన్ వాడిన మాటల్లో ఒకటి మాత్రం మింగుడు పడదు. ఆయన ఇంగ్లీషులో వాడిన పదానికి తిన్నని తెలుగు 'సేవక స్థలాలు'. సేవకుడు అనగానే యజమాని ఎదురుగా నిలబడతాడు, ఒకడు పైన, ఒకడు కింద. వేదకర్మలను విచారించే మీమాంసకుల దగ్గర దీనికంటే మెరుగైన మాట ఉంది.

జైమిని మీమాంస సూత్రాల మూడో అధ్యాయం శేషం అంటే ఏమిటన్న ప్రశ్నతో మొదలవుతుంది. తనకోసం కాక మరొకదాని కోసం ఉండేది శేషం. శేషం దేని కోసం ఉందో అది శేషి. యాగంలో వడ్లు దంచుతారు. దంపు వడ్ల కోసం, వడ్లు పురోడాశం అనే యాగపు రొట్టె కోసం, పురోడాశం యాగం కోసం. ఇందులో పైన, కింద అన్న ప్రస్తావన లేదు. దేని కోసం ఏది అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. బాదరి అనే ఆచార్యుడు ద్రవ్యాలు, గుణాలు, సంస్కారాలు మాత్రమే శేషాలన్నాడు. జైమిని అక్కడ ఆగలేదు. కర్మ ఫలం కోసం ఉంది కాబట్టి అదీ శేషమే. ఫలం మనిషి కోసం ఉంది కాబట్టి అదీ శేషమే. మనిషి? కర్మ చేయడానికి ఉన్నాడు కాబట్టి అతడూ శేషమే. గొలుసు గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చింది. ఇవాళ శేషి అనిపించుకున్నది రేపు మరో లెక్కలో శేషం అవుతుంది. పొడిపొడి కర్మకాండ చర్చలో దొరికే ఈ మలుపు ఎంత విలువైనదో, తాను ఎవరికీ అక్కర్లేకుండా అందరూ తన కోసమే ఉన్నారనుకునే మనిషి పక్కన నిలబెట్టి చూస్తే తెలుస్తుంది.

వైష్ణవ ఆచార్యులైన రామానుజులు ఈ మాటను మీమాంస నుంచి తీసుకుని వేదాంతం నడిబొడ్డున నిలిపారు. జీవుడు శేషం, భగవంతుడు శేషి. శ్రీభాష్యంలో శరీరం అంటే ఏమిటో చెబుతూ మూడు గీతలు గీశారు: చేతనుడు దేన్ని ధరిస్తాడో, దేన్ని నియమిస్తాడో, ఏది అతనికోసమే ఉంటుందో అది అతని శరీరం. జగత్తు భగవంతుడికి శరీరం కాబట్టి ఆయన ధరించేవాడు, జగత్తు ధరించబడేది. గమనించాల్సింది ఇక్కడే. ఈ లెక్కలో మోసేవాడు శేషి. మోయించుకునేది శేషం. మేడలో అది తలకిందులైంది. మోసేది కోర్. సేవ చేసేదీ కోర్. ఆధారమూ అదే, శేషమూ అదే. అలాంటిది కుదురుతుందా?

కుదురుతుందని చెప్పడానికి వైష్ణవులు వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు. వాళ్ళ పాలకడలిలో చుట్టలు చుట్టుకుని పడుకున్న పాము పేరే శేషుడు. స్వామికి పక్క అతడే, కూర్చుంటే ఆసనం, నడిస్తే పాదుక, వాన వస్తే గొడుగు. ఇన్ని ఊడిగాలు చేసే అతడి పడగల మీదే భూమి నిలిచి ఉందని పురాణాలంటాయి. లోకాన్ని మోసేవాడి పేరు 'మరొకరి కోసం ఉన్నవాడు' అని పెట్టినవాళ్ళు ఎవరోగానీ, ఆ పేరు పెట్టేటప్పుడు బాగా ఆలోచించారు. వైష్ణవ సంప్రదాయం ఇంకో అడుగు వేసి, స్వామిని మోసే శేషుణ్ణి కూడా లోపలినుంచి స్వామే ధరిస్తున్నాడంటుంది. మోత రెండు వైపులా ఉంది.

ఇది కవిత్వమనుకునేవాళ్ళు దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా నిర్మాణాన్ని చూడాలి. 2010లో తెరిచిన 828 మీటర్ల ఆ మేడకు బిల్ బేకర్ అనే ఇంజనీరు చేసిన ఏర్పాటు సూటిగా ఉంటుంది. నడుమ ఆరు మూలల కోర్, దానికి మూడు వైపులా మూడు రెక్కలు. కోర్ ఒక్కటే అంత ఎత్తు లేస్తే సన్నని కర్రలా గాలికి ఊగిపోతుంది. రెక్కలు మూడు వైపుల నుంచీ ఆనుకుని దాన్ని పడిపోకుండా కాస్తాయి. రెక్కలు మాత్రమే ఉంటే మెలితిరిగిపోతాయి. మూసుకున్న గొట్టంలాంటి కోర్ వాటిని మెలితిరగనివ్వదు. లిఫ్టులు పోయే చోటు నివాసాలను మోస్తోంది, నివాసాల గోడలు లిఫ్టుల చోటును మోస్తున్నాయి. ఎవరు ఆధారం, ఎవరు ఆశ్రితుడు అన్న ప్రశ్నకు ఆ మేడలో ఒకే వైపు జవాబు దొరకదు.

ఫ్రాంక్ లాయిడ్ రైట్ దారి వేరు. 1950లో అమెరికాలోని రసీన్ పట్టణంలో జాన్సన్ వాక్స్ కంపెనీ పరిశోధన గోపురాన్ని చెట్టులా కట్టాడు. మొదలు కోర్, కొమ్మలు అంతస్తులు. బయటి గోడల కింద స్తంభం ఒక్కటీ లేదు. ప్రతి అంతస్తూ నడిమి మొదలు నుంచి చాచిన చేయి. ఆ కోర్ భూమిలోకి లోతుగా దిగింది. రైట్ దాన్ని తల్లివేరు అన్నాడు. చూపుకు ఇంత హాయిగా ఉండే గోపురం తక్కువ. కానీ ఆ సన్నని మొదల్లో ఒక్క ఇరుకు మెట్లదారికే చోటు చాలింది. అగ్నిప్రమాద నియమాలు గట్టిపడ్డాక అందులో పరిశోధన సాగలేదు. 1980ల తొలినాళ్ళ నుంచి అది పనికి మూతబడింది. మోయడంలో గెలిచిన కోర్ సేవలో ఓడింది. రైట్‌ను తప్పుబట్టకుండా ఉండలేం. చెట్టులో కొమ్మ మీద ఉన్న పిట్టకు రెక్కలుంటాయి.

రెక్కలు లేనివాళ్ళ సంగతి 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో తేలింది. ప్రపంచ వాణిజ్య కేంద్రం జంట గోపురాల్లో ఒక్కోదానిలో 110 అంతస్తులు, 99 లిఫ్టులు. అన్ని లిఫ్టులూ కింది నుంచి పైదాకా పోతే కింది అంతస్తుల్లో లిఫ్టులు తప్ప మనుషులకు చోటు మిగలదు. అందుకని 44, 78 అంతస్తుల్లో మజిలీలు పెట్టారు. అక్కడిదాకా పెద్ద లిఫ్టులు ఆగకుండా వెళ్తాయి, అక్కడినుంచి చిన్నవి అంతస్తంతస్తుకూ ఆగుతాయి. మన ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల పద్ధతే. తెలివైన ఏర్పాటు. అయితే చోటు మిగుల్చుకోవాలన్న ఆ తాపత్రయం మెట్ల దగ్గరికీ వచ్చింది. 1968లో వచ్చిన న్యూయార్క్ భవన నియమావళి పాతదానికంటే తక్కువ మెట్లదారులతో సరిపెట్టుకోనిచ్చింది. ఒక్కో గోపురానికి మూడు మెట్లదారులు, మూడూ నడిమి కోర్‌లోనే. వాటి చుట్టూ కాంక్రీటు గోడలు లేవు, జిప్సం పలకలు ఉన్నాయి.

ఉత్తర గోపురాన్ని విమానం 93, 99 అంతస్తుల మధ్య ఢీకొట్టింది. మూడు మెట్లదారులూ ఒక్కసారే తెగిపోయాయి. ఆ పైన ఉన్నవాళ్ళలో ఒక్కరూ బతకలేదు. దక్షిణ గోపురంలో లిఫ్టు యంత్రాల అడ్డు వల్ల ఒక మెట్లదారి మిగతా రెండిటికీ కొంచెం ఎడంగా జరిగింది. ఆ ఎడమే దాన్ని కాపాడింది. విమానం తాకిన చోటా ఆపైనా ఉన్నవాళ్ళలో 18 మంది ఆ దారిన బయటపడ్డారు. అదే మెట్ల మీద దిగేవాళ్ళకు ఎదురుగా, బరువైన సామగ్రి భుజాన వేసుకుని అగ్నిమాపక సిబ్బంది పైకి ఎక్కుతూ పోయారు. వాళ్ళలో 343 మంది ఆ రోజు చనిపోయారు. ఆ ఘటన తర్వాత అమెరికా నమూనా నియమావళి 420 అడుగులు దాటిన ఆఫీసు మేడలకు ఒక మెట్లదారిని అదనంగా కోరింది. అదే చోట 2014లో తెరిచిన కొత్త గోపురం కోర్‌ను మందమైన కాంక్రీటుతో కట్టారు. అగ్నిమాపక సిబ్బంది ఎక్కడానికి విడిగా మెట్లు పెట్టారు.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌కు 24 అంతస్తులు, ఒక్క మెట్లదారి. 2017 జూన్ 14 తెల్లవారుజామున కాలింది బయట కొత్తగా తొడిగిన తొడుగు. పొగ నిండింది నడుమ ఉన్న మెట్లలో. 72 మంది పోయారు. మేడకు కొత్త చొక్కా తొడగడానికి డబ్బు దొరికింది గానీ లోపలి దారి ఎప్పటిలాగే ఉండిపోయింది. 18 మీటర్లు దాటే కొత్త నివాస భవనాలకు రెండో మెట్లదారి ఉండాలని ఇంగ్లండ్ ప్రభుత్వం 2023లో తేల్చింది. ఆ ఏడాదే మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు, ఉద్యోగాల కోసం ఊళ్ళు వదిలి వచ్చిన ఆరుగురు పిల్లలు పొగలో ఊపిరాడక చనిపోయారు. వాళ్ళంతా ఇరవైల్లో ఉన్నవాళ్ళు. మెట్లదారిని సామాన్లతో నింపడం, పొగ తలుపును రాయి అడ్డుపెట్టి తెరిచి ఉంచడం, టెర్రస్ తలుపుకు తాళం వేయడం మన దగ్గర ఎవరికీ తప్పనిపించని పనులు. కోర్ ఎవరిదీ కాదు కదా అన్న భావం ఆ తాళంలో ఉంది.

ఇక వాస్తు తెలిసిన పెద్దలు లేవదీసే అభ్యంతరం వేరు. ఎనభైఒక్క పదాల, అంటే గళ్ళ, వాస్తుపురుష మండలంలో నడిమి తొమ్మిది పదాలు బ్రహ్మవి. ఇంట్లో ఆ బ్రహ్మస్థానం మీద స్తంభం రాకూడదు, బరువు పెట్టకూడదు, మరుగుదొడ్డి అసలే ఉండకూడదు. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఆ నియమాన్ని అందంగా పాటించింది. నాలుగు వైపుల పెంకుల కప్పులు లోపలికి వాలతాయి, నడుమ ఆకాశం ఖాళీగా ఉంటుంది. వాన పడితే ఇంటి మధ్యలోనే పడుతుంది. పండగనాడు పీటలు అక్కడే వేస్తారు, చంటిపిల్లకు నీళ్ళు అక్కడే పోస్తారు. మరి నేటి మేడ సరిగ్గా ఆ తొమ్మిది పదాల మీదే లిఫ్టు గుంతనూ మురుగు గొట్టాన్నీ దింపింది. ఇది అపచారం కాదా?

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మండువా పోవడంతో ఇల్లు నిజంగా పోగొట్టుకున్నవి ఉన్నాయి: వెలుతురు, గాలి, ఒకరి ముఖం ఒకరికి కనబడటం. కానీ నడుమ ఖాళీగా ఉండాలన్నది ఇంటికి చెప్పిన నియమం. గుడిలో ఆ స్థానం ఖాళీగా లేదు; అక్కడ గర్భగుడి ఉంది. తంజావూరు బృహదీశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ రెండు గోడలున్నాయి, లోపలిదొకటి, బయటిదొకటి, నడుమ ప్రదక్షిణకు దారి. పైకి పోయేకొద్దీ ఆ రెండు గోడలనూ కలిపి, వాటి మీదే 1010 నాటికి అంత పెద్ద విమానాన్ని లేపారు. విమానం లోపల బోలు. లోపలి పెట్టె, బయటి పెట్టె కలిసి బరువు మోయడం ఇవాళ్టి ఎత్తైన మేడల ఇంజనీర్లకు బాగా తెలిసిన పద్ధతి. ఇంకా వెనక్కి పోతే నాగార్జునకొండ మహాచైత్యం పునాది బండి చక్రంలా ఉంటుంది. నడుమ కుండ, దాన్నుంచి నలుదిక్కులకూ ఆకులు. మట్టి నింపిన అంత పెద్ద గుమ్మటం పక్కకు జారకుండా ఆ ఇటుక ఆకులు పట్టి ఉంచాయి. భట్టిప్రోలు స్తూపం నడుమ 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు, దాచిన రాతి భరిణెలు దొరికాయి.

అంటే ఈ నేల మీద కట్టడం నడిమి చోటు ఎప్పుడూ రెండిటికే దక్కింది: ఆకాశానికి, లేదా అందరికంటే ముఖ్యమైనదానికి. ఇప్పటి మేడ తెలియకుండానే ఆ స్థానంలో సేవను కూర్చోబెట్టింది. దాన్ని అపచారమనడం కంటే, కూర్చోబెట్టిన తర్వాత ఆ స్థానానికి తగ్గ మర్యాద ఇవ్వకపోవడమే అపచారం అనడం న్యాయం.

జపాన్‌లో పాత కట్టడాలకూ కొత్త మేడలకూ నడుమ వంతెన తెగిపోలేదు. హోర్యూజీ ఆలయంలోని ఐదంతస్తుల గోపురం నడుమ ఒక చెక్క స్తంభం ఉంది. దానికోసం చెట్టును కొట్టింది 594లో అని చెక్కలోని వలయాలు చెప్పాయి. దాని మొదట్లో బుద్ధధాతువులను ఉంచారు. మన స్తూపాల నడిమి స్తంభమైన యష్టికి అది దూరపు చుట్టం. టోక్యోలో 2012లో తెరిచిన 634 మీటర్ల స్కైట్రీ నడుమ 375 మీటర్ల కాంక్రీటు గొట్టం ఒకటి నిలబెట్టి, దానికి ఆ పాత స్తంభం పేరే పెట్టారు: షిన్‌బషిరా, గుండె స్తంభం. భూకంపంలో చుట్టూ ఉన్న ఉక్కు గోపురం ఒక తాళంలో ఊగితే ఇది మరో తాళంలో ఊగి ఆ ఊపును తగ్గిస్తుంది. దాని లోపల ఉన్నవి ఆపద వేళ దిగే మెట్లు. ధాతువులుండే చోట మనుషుల ప్రాణాలు దిగే దారి పెట్టారు.

మలేసియాలో కెన్ యాంగ్ చేసింది ఇంకా మనకు దగ్గరిది. సుబాంగ్ జయలో 1992లో పూర్తయిన మెనారా మెసినియాగా పదిహేను అంతస్తుల ఆఫీసు. అక్కడి ఎండ మన బెజవాడ ఎండకు తమ్ముడు. యాంగ్ కోర్‌ను నడిమి నుంచి తీసి వేడి మండే తూర్పు వైపు నిలబెట్టాడు. మందపాటి కాంక్రీటు గోడలు ఎండను తాము తిని, లోపల కూర్చున్నవాళ్ళకు నీడ ఇస్తాయి. లిఫ్టు ముందరి చావడికీ మెట్లకూ మరుగుదొడ్లకూ పగటి వెలుతురు, బయటి గాలి అందాయి. వసుదేవుడు బిడ్డను బుట్టలో పెట్టుకుని యమున దాటుతుంటే శేషుడు పడగ పట్టిన తీరు గుర్తుకొస్తుంది. హైదరాబాద్‌లో పడమటి ఎండకు అద్దాల గోడలు నిలబెట్టి, ఆ వేడిని తోడిపోయడానికి రాత్రింబవళ్ళు ఏసీలు నడుపుకునే మేడలు, ఆ పడమటి వైపు కోర్‌ను నిలబెట్టుకోవచ్చన్న ఆలోచనకు ఇన్నేళ్ళలో ఎందుకు రాలేదో అర్థం కాదు. లిఫ్టు కోసం నిలబడే చోట ఒక కిటికీ ఉంటే, రోజూ ఎదురుపడే పొరుగువాళ్ళు గోడకేసి కాక ఆకాశంకేసి చూస్తూ నిలబడతారు.

ఇంతవరకూ కాంక్రీటు సంగతి. కాంక్రీటును శేషం అనడంలో ఎవరికీ నొప్పి లేదు. భూకంపం వస్తే లిఫ్టు తలుపుల మీది దూలాలు ముందుగా పగిలి, ఆ శక్తిని తాము మింగి, మిగతా గోడను బతికించేలా ఇంజనీర్లు గీస్తారు. దూలం దానికి బాధపడదు. కానీ కోర్‌లో మనుషులు కూడా ఉన్నారు. చాలా అపార్ట్‌మెంట్లలో లిఫ్టు పక్కన ఒక బోర్డు కనబడుతుంది: పనిమనుషులు, డెలివరీ బాయ్‌లు సర్వీస్ లిఫ్టే వాడాలి. అందులోనే చెత్త డబ్బాలు, సిమెంటు బస్తాలు, పాత సోఫాలు. పొద్దున్నే ఆరు ఇళ్ళలో అంట్లు తోమి బట్టలుతకాల్సిన అమ్మ, మెయిన్ లిఫ్టు ఖాళీగా తలుపు తెరుచుకుని నిలబడ్డా, ఆ ఒక్క సర్వీస్ లిఫ్టు కోసం కాచుకుంటుంది. ఆమె వండిన కూర తినే ఇంట్లోనే, ఆమె ఎత్తుకుని జోకొట్టిన పిల్లవాడే, ఆమె ఎక్కకూడని లిఫ్టులో బడికి దిగుతాడు.

భగవంతుడి సేవే, అంటే కైంకర్యమే, మోక్షమన్న రామానుజుల సిద్ధాంతం ఈ బోర్డుకు బలం కాదా అని అడగాలి. అడగకుండా కైంకర్యాన్ని పొగడటం, సేవ చేయించుకునేవాడికే అనుకూలమైన పొగడ్త. రామానుజులు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. వేదార్థ సంగ్రహంలో ఆయనే దాన్ని ఎదుటివాడి నోట పలికించారు: పరుల వశంలో ఉండటం దుఃఖం కదా, సేవను కుక్క బతుకని మనుస్మృతి అన్నది కదా, మరి శేషత్వం సుఖమెలా అవుతుంది? జవాబు సూటిగా ఉంది. సేవకు అర్హుడు పరమాత్మ ఒక్కడే. అర్హత లేనివాడికి చేసే సేవను ఉద్దేశించే ఆ నింద. ఈ జవాబును చివరిదాకా నడిపిస్తే బోర్డు నిలవదు. శేషి ఒక్కడే అయినప్పుడు మనిషి మరో మనిషికి శేషి కాలేడు. ఫ్లాటు ఓనరు, అంట్లు తోమే అమ్మ, లిఫ్టు బాగుచేసే మెకానిక్ ఒకే శేషికి శేషాలు. ఒకరి పని మరొకరికి ఉపయోగపడటం జైమిని చెప్పిన గొలుసు మాత్రమే. అది ఎవరినీ వెనక తలుపుకు పంపదు. రామానుజులు తిరుమలలో శ్రీనివాసుడి ఎదుటే ఈ వేదార్థ సంగ్రహాన్ని చెప్పారని సంప్రదాయం అంటుంది. ఆ కొండ పేరు శేషాచలం.

ఆయన ఈ మాటను పుస్తకంలోనే వదిలేయలేదని శ్రీరంగం కథలు చెబుతాయి. కావేరికి స్నానానికి వెళ్ళేటప్పుడు బ్రాహ్మణ శిష్యుడి భుజం మీద చేయి వేసి నడిచేవారట. స్నానం చేసి తిరిగి వచ్చేటప్పుడు ఉరంగావిల్లి దాసరి భుజం మీద చేయి వేసేవారట. దాసరిది ఆనాటి సమాజం తక్కువగా చూసిన కులం. మడి కట్టుకున్న ఒంటితో అలా ఆనుకోవడం చూసి పక్కవాళ్ళు గొణిగారు. ముసలి ఆచార్యుడికి నడవడానికి ఒక ఆధారం కావాలి. ఎవరి భుజం ఆధారమైందో వాళ్ళను ఎడంగా నడవమనడం ఆయనకు తోచలేదు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో మొదటి రాత్రి పెద్దశేష వాహనం. ఏడు పడగల కింద శ్రీదేవీ భూదేవులతో ఉత్సవమూర్తి మలయప్పస్వామి. జనం చూసేది పైకి: పూలదండలు, దీపాల్లో మెరిసే పడగలు, చేతులెత్తిన గోవింద నామాలు. లోకాన్ని మోసే శేషుణ్ణి అక్కడ మోస్తున్నది మనుషులు, వరసగా కర్రల కింద భుజాలు ఆన్చి, అడుగులో అడుగు కలిపి. మాడ వీధుల్లో వాళ్ళకని వేరే దారి ఉండదు. స్వామి వెళ్ళే దారీ వాళ్ళు నడిచే దారీ ఒకటే, ముందుగా జనాన్ని జరిపి చోటు చేసేది వాళ్ళ అడుగులకే. బరువుకు భుజం మార్చుకోవడానికి వాళ్ళు ఆగిన చోట స్వామి కూడా ఆగుతాడు.